గదిలారీనా, ఇల్లుబస్సా?

ఊటపాలెం సముద్రంలో మనుషులు మునిగిపోవడం పాత సంగతే. ఆ సంగతి ప్రభుత్వం చెవిన పడటమే కొత్త.

చెవిన వేసినవాడు ఆవుల సింగరయ్య. సరుగుడు తోటలకు కాపలా ఉంటాడు. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. ఆ పైన చదవడానికి ఊళ్లో ఆరో తరగతి లేదు. మూడేళ్ల కిందట కార్తీక పౌర్ణమినాడు అతని భార్య రవణమ్మ నలుగురు ఆడవాళ్లతో కలిసి సముద్రస్నానానికి దిగింది. మూడు మునకలు వేస్తానని దిగిన మనిషి రెండో మునకలోంచి లేవలేదు. ఒడ్డున తిరణాల జనం ఉన్నారు. అంతమందిలో ఒక్కరి చేతిలో తాడు లేదు. ఈతొచ్చిన పల్లెకారులు పండగపూట వేటకు పోకుండా ఇళ్ల దగ్గర ఉన్నారు. కేకలు విని వాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి సముద్రం ఏమీ ఎరగనట్టు ఆడుకుంటోంది.

సింగరయ్య ఏడవలేదని ఊళ్లో చెప్పుకున్నారు. నిజమే. పెద్దకర్మ అయిన మర్నాటి సోమవారమే అతను కలెక్టరాఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చాడు. అర్జీలో మూడే కోరికలు. ఒడ్డున ఒక తాడు, ఒక తెప్ప, ఈతొచ్చిన ఇద్దరు మనుషులు. సోమవారం సోమవారం వెళ్లి అదే అర్జీ ఇచ్చేవాడు. వాళ్లు సోమవారం సోమవారం పరిశీలిస్తామనేవాళ్లు. ఆ అర్జీ చేపల శాఖకు పోయింది. మునిగినవి చేపలు కావు కాబట్టి రెవెన్యూకు వచ్చింది. సముద్రానికి సర్వే నంబరు లేదు కాబట్టి దేవాదాయ శాఖకు పోయింది. స్నానం పుణ్యమే గాని సముద్రం దేవుడి మాన్యం కాదని వాళ్లు తిప్పి పంపారు. చివరికి ఎవరో తెలివైనవాడు, స్నానానికి వచ్చినవాళ్లు ఊరుగాని ఊరువాళ్లు కాబట్టి వాళ్లు పర్యాటకులే అవుతారని రాశాడు. అలా అది జిల్లా పర్యాటక అధికారి పినాకపాణిగారి బల్ల మీద పడింది.

పినాకపాణిగారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే సింగరయ్యకు ఏదో ఒక దారి దొరికేది. ఆయన ఎవరినీ కసరడు, కూర్చోమంటాడు, టీ తెప్పిస్తాడు, ఆ తర్వాత రూలు చదువుతాడు.

"చూడు సింగరయ్యా, ప్రభుత్వానికి నీ బాధ అర్థమైంది. అర్థమైంది గనుకనే తాడు అడిగినవాడికి నీటి స్కూటర్లు మంజూరు చేసింది. ఒకటి కాదు, రెండు."

సింగరయ్య కిటికీలోంచి చూశాడు. ఆఫీసు ఆవరణలో రెండు చక్రాల ట్రాలీల మీద ఎర్రదొకటి, పసుపుదొకటి మెరిసిపోతున్నాయి. అలలమీద మోటారుసైకిలులా పోయే యంత్రాలవి. మునిగేవాణ్ణి అందుకోవాలంటే అంతకంటే చురుకైనది లేదని టీవీలో అతనూ చూశాడు. ఆ పూట అతనికి ప్రభుత్వం మీద కొంచెం గౌరవం కలిగింది. మళ్లీ కలగలేదు.

ఎందుకంటే పినాకపాణిగారు పద్దుల సంగతి వివరించాడు. ప్రాణరక్షణ అనే పద్దు ఉందట గాని అందులో డబ్బు లేదట. ఆస్తిరక్షణ పద్దులో దండిగా ఉందట గాని, ఊటపాలెం తీరాన ప్రభుత్వ ఆస్తి అనేది ఒక్కటీ లేదట. లేని ఆస్తిని రక్షించడం కుదరదు కదా అన్నాడు. ఇక మిగిలింది వినోదం పద్దు. అందుకని ఆ రెండు స్కూటర్లనూ ఆట వస్తువుల కింద కొన్నారు.

"ఆట వస్తువులా సార్ ఇయ్యి?"

"కాగితం మీద అంతే."

"ఏ పేరైతే ఏందిలే సార్. నీళ్లల్లో పడితే చాలు."

పినాకపాణిగారు సంతోషించి, అప్పటికప్పుడు అతన్ని ఆ స్కూటర్లకు దినకూలీ కాపలాదారుగా వేశాడు. లబ్ధిదారుల భాగస్వామ్యం అనే గడి ఒకటి నింపాల్సి ఉంది. అది నిండింది.

*

ఆఫీసుకూ అలకూ మధ్య ఒక రైల్వే గేటు, ఒక చెరువుకట్ట, ఆ పైన పొడి ఇసుక. అంతే దూరం. మర్నాడు పొద్దున్నే పల్లెకారుల జాలయ్య తన ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. ఊటపాలెంలో పడవల్ని నీళ్లలోకి దింపేదీ, ఒడ్డుకు లాగేదీ ఆ ట్రాక్టరే. తీరంలో దాని చక్రం తిరగని చోటు లేదు. జాలయ్య ఎర్ర స్కూటరు ట్రాలీని కొక్కేనికి తగిలించి ఎక్కి కూర్చున్నాడో లేదో, పినాకపాణిగారు నోట్లో ఇడ్లీతో బయటికి వచ్చాడు.

మింగి, జేబులోంచి రాజధాని ఉత్తర్వు తీసి చదివాడు. "వినోద సామగ్రిని లాగు వాహనము సైతము వినోద తరగతికి చెందినదై ఉండవలెను. వ్యవసాయ, పారిశుధ్య తదితర వాహనములచే లాగించుట వలన పర్యాటకుని ఉల్లాసానుభూతికి భంగము వాటిల్లును."

ఇంకో జిల్లాలో ఎవరో ఇసుక బైకును చెత్త ట్రాక్టరు వెనక కట్టి తీసుకుపోయారట. ఆ ఫొటో పేపర్లో పడిందట. అందుకని ఈ ఉత్తర్వు పుట్టింది.

"మా ట్రాక్టరు గూడా ఉల్లాసంగానే ఉంటది సార్," అన్నాడు జాలయ్య. "పాటలు గూడా పెట్టిచ్చా."

పినాకపాణిగారు ఆ మాటను సానుభూతితో విన్నాడు. ట్రాక్టరు తగినది కాదని కాదు, తరగతి కాదని చెప్పాడు. కొక్కెం ఊడదీయించాడు. జాలయ్య వెళ్లిపోతూ సింగరయ్యతో, "మావా, నీకు తాడే నయంగాదా? దాన్ని భుజానేసుకోని పోయేవోడివి," అన్నాడు. సింగరయ్య స్కూటర్ల మీద నీలం పట్టా కప్పి, పక్కన మోడా వేసుకుని కూర్చున్నాడు.

వినోద తరగతి వాహనం అంటే ఏమిటో జిల్లాలో ఎవరికీ తెలియదు. తెలియనిది ఏదైనా ఉంటే సంఘం వెయ్యడం ఆ ఆఫీసు అలవాటు. లాగుడు వాహన ఎంపిక సంఘం ఏర్పడింది. పినాకపాణిగారు అధ్యక్షుడు. ఇంజనీరు ఏకాంబరంగారు సభ్యుడు. లబ్ధిదారుల ప్రతినిధిగా సింగరయ్య. సలహాదారుగా రాజధాని నుంచి సుహాస్ అనే కుర్ర నిపుణుడు విమానంలో కొంత, కారులో కొంత వచ్చాడు.

సుహాస్ గోడమీద బొమ్మలు వేసి చూపించాడు. లోకంలో ఆట వస్తువుల్ని వెంట తీసుకుపోయే జనం రెండు జాతులట. ఒక జాతివాళ్లు ట్రక్ క్యాంపర్ వాడతారు. అంటే లారీ వీపుమీద ఒక గది. గదికి నాలుగు కాళ్లుంటాయి. కావలసిన చోట గదిని కాళ్లమీద దించేసి, లారీని బయటికి తీసుకుని తిరగవచ్చు. రెండో జాతివాళ్లు మోటార్‌హోమ్ వాడతారు. అంటే బస్సులోనే ఇల్లు. మంచం, వంటగది, స్నానాలగది, డ్రైవరు అన్నీ ఒకే కప్పు కింద. ఇంజను ఎటు పోతే ఇల్లు అటే. ఇవి తప్ప వినోద తరగతిలో మూడోది లేదు.

రాజధాని పేర్లు నోరు తిరగక ఆఫీసు ప్యూన్లు వాటికి గదిలారీ, ఇల్లుబస్సు అని పేర్లు పెట్టారు. ఆ సాయంత్రానికి ఆఫీసు రెండు పక్షాలైంది. ఏకాంబరంగారు గదిలారీ పక్షం. లారీ దిట్టమైనది, ఎంతైనా లాగుతుంది అన్నాడు. పినాకపాణిగారు ఇల్లుబస్సు పక్షం. అధికారి హుందాతనానికి నిచ్చెన ఎక్కడం తగదన్నాడు. గదికి నిచ్చెన ఉంది, బస్సుకు మెట్లున్నాయి.

సమావేశం మీద సమావేశం జరిగింది. గది లారీ వెనక్కి పొడుచుకు వస్తుంది కాబట్టి, కొక్కెం గది కింద దాక్కుంటుంది. దాన్ని బయటికి తేవాలంటే పొడుగాటి ఇనుప కడ్డీ వెయ్యాలి. కడ్డీ పొడుగైనకొద్దీ లాగే బరువు తగ్గించాలి. ఇల్లుబస్సుకు కొక్కెం చక్కగా బయటే ఉంటుంది గాని, లోపలి మంచాలూ, ఫ్రిజ్జూ, నీళ్లట్యాంకూ కలిసి దాని శక్తిని అప్పటికే తినేస్తాయి. నెలరోజుల చర్చ తర్వాత తేలింది ఇది: గదిలారీ లాగగలదు గాని తగిలించుకోలేదు, ఇల్లుబస్సు తగిలించుకోగలదు గాని లాగలేదు.

అప్పుడు సింగరయ్య మొదటిసారి నోరు తెరిచాడు. "సార్, లాగేదానికి లోపల మంచం ఎందుకు?"

ఏకాంబరంగారు పినాకపాణిగారి వంక చూశాడు. పినాకపాణిగారు సుహాస్ వంక చూశాడు. ఇది మన ఆలోచనా విధానం మారవలసిన అవసరాన్ని సూచిస్తోందని సుహాస్ మృదువుగా చెప్పాడు. మినిట్స్‌లో ఇలా ఎక్కింది: "లబ్ధిదారుల ప్రతినిధి మంచము విషయమై ఆసక్తి కనబరిచినారు."

*

బొమ్మలు చూసి నిర్ణయించడం శాస్త్రీయం కాదని, నివాస పరీక్ష జరపాలని సుహాస్ సిఫార్సు చేశాడు. రెండు వాహనాలూ నమూనాకు తెప్పించి ఆవరణలో నిలబెట్టారు. పినాకపాణిగారు సకుటుంబంగా ఇల్లుబస్సులోకి, ఏకాంబరంగారు సకుటుంబంగా గదిలోకి మారారు. పాలు పొంగించారు. వారం రోజులన్నది వానాకాలం దాకా సాగింది. కరెంటు ఆఫీసుది, నీళ్లు ఆఫీసువి, ఏసీ వాహనానిది. ఎవరికీ తొందర లేదు.

పరీక్షలో కొత్త సంగతులు బయటపడ్డాయి. ఇల్లుబస్సులో పాల ప్యాకెట్టు అయిపోతే, ఇల్లంతా కదిలి పాల కేంద్రానికి పోవాలి. ఒకరోజు డ్రైవరు డీజిలు పట్టించుకురావడానికి బయల్దేరితే, లోపల సహస్రనామం చదువుకుంటున్న పినాకపాణిగారి అత్తగారు రైల్వే గేటు దగ్గర కళ్లు తెరిచింది. గేటు పడి ఉంది. చుట్టూ గొర్రెల మంద. ఆవిడ దాన్ని తీర్థయాత్ర కింద లెక్కేసుకుంది గాని, పినాకపాణిగారు 'అనూహ్య చలనము' అని రాసుకున్నాడు. గదిలారీలో అలాంటి బాధ లేదు. గదిని కాళ్లమీద దించేసి ఏకాంబరంగారు లారీలో ఆఫీసుకు పోయేవాడు. ఆఫీసు అదే ఆవరణలో ఉంది కాబట్టి లారీ ఎక్కడం, దిగడం తప్ప ప్రయాణం ఉండేది కాదు. ఆయన మాత్రం గది దింపినాక లారీకి స్వేచ్ఛ వస్తుందని ప్రతి సమావేశంలోనూ చెప్పేవాడు. గది మంచులో పులుసుకూర కాగినట్టు ఉడికిపోతోందని వాళ్లావిడ చెప్పేది. ఆ మాటకు అర్థమేమిటో ఎవరూ అడగలేదు, ఉడుకుతున్న సంగతి మాత్రం అర్థమైంది.

ఈలోగా సముద్రం సంఘం నిర్ణయం కోసం ఆగలేదు. శ్రావణంలో ఒకణ్ణి తీసుకుంది. భాద్రపదంలో కొత్తగా పెళ్లయిన జంటలో ఒకరిని తీసుకుంది. రెండుసార్లూ సింగరయ్య వచ్చి చెప్పాడు. సంఘం రెండుసార్లూ లేచి నిలబడి మౌనం పాటించింది. సగం మంది బస్సులో, సగం మంది గదిలో.

"కార్తీక పున్నమి వస్తంది సార్," అన్నాడు సింగరయ్య. "మళ్లీ తిరణాల. మళ్లీ జనం."

దాన్నే ముహూర్తంగా పెట్టుకుందామని పినాకపాణిగారు హామీ ఇచ్చాడు. అయితే ముందు లాగుడు పరీక్ష కావాలన్నాడు.

లాగుడు పరీక్ష స్కూటర్లతోనే చెయ్యొచ్చుగదా అని ఎవరైనా అనుకుంటారు. కుదరదు. ప్రారంభోత్సవానికి ముందు వాటిని లాగితే అవి వాడిన వస్తువులవుతాయి. వాడిన వస్తువుల్ని ముఖ్య అతిథి ప్రారంభించడం మర్యాద కాదు. అందుకని స్కూటర్లతో సమాన తూకం గల ఇసుక బస్తాలు వెనక కట్టి లాగాలని నిర్ణయించారు. ఆవరణలో ఇసుక లేదు. ఊటపాలెం తీరం నుంచి తేవాలి.

తెచ్చింది జాలయ్య ట్రాక్టరు. ఇసుక వినోద సామగ్రి కాదు కాబట్టి ట్రాక్టరు తేవచ్చు. మూడు తడవలు అలదాకా పోయి, ఇసుక నింపుకుని, చెరువుకట్ట మీదుగా, రైల్వే గేటు దాటుకుని వచ్చి ఆవరణలో పోసింది. మూడు తడవలూ ఖాళీగా సముద్రానికి తిరిగిపోయింది.

రెండో తడవ సింగరయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఖాళీగానే గదా సార్ పోయేది. ఎనకమాల వీటిని తగిలించుకోరాదా?"

"అదే కదయ్యా మనం తేల్చుకోబోయేది," అన్నాడు పినాకపాణిగారు. "వీటిని ఏది లాగాలా అని."

పరీక్షలో రెండు వాహనాలకూ సమానంగా మార్కులు వచ్చాయి. గదిలారీకి బలంలో వచ్చినవి ఇల్లుబస్సుకు సౌఖ్యంలో వచ్చాయి. సుహాస్ చిక్కటి అట్టతో నివేదిక ఇచ్చాడు. స్కూటర్లు రెండున్నాయి గనుక వాహనాలు కూడా రెండూ కొనడం సమతుల్య విధానం అవుతుందన్నాడు. ఏ పక్షమూ ఓడలేదు. ఏకాంబరంగారూ పినాకపాణిగారూ కౌగిలించుకున్నారు. సింగరయ్య పట్టా సరిచేసి, మోడా ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

*

కార్తీక పౌర్ణమినాడు తెల్లవారకముందే ఊరేగింపు బయల్దేరింది. ముందు సన్నాయి మేళం. వెనక బంతిపూల దండలు వేసుకున్న ఇల్లుబస్సు, దాని తోకకు ఎర్ర స్కూటరు. ఆ వెనక గదిలారీ, పొడుగాటి కడ్డీ చివర పసుపు స్కూటరు. పరీక్ష కోసం తెచ్చిన ఇసుకను యథాస్థానంలో చేర్చాలని ఇంకో ఉత్తర్వు ఉంది కాబట్టి, ఆ బస్తాలన్నీ లారీలో గది అంచున పేర్చారు. స్కూటర్ల తాళంచెవులు రెండూ సీలు వేసిన కవరులో పినాకపాణిగారి జేబులో ఉన్నాయి. ముఖ్య అతిథి వచ్చి విప్పాలి.

తారురోడ్డు దాకా వైభవంగా సాగింది. ఇసుకలో దిగిన మరుక్షణం ఇల్లుబస్సు ముందు చక్రాలు దిగబడ్డాయి. డ్రైవరు గట్టిగా తొక్కాడు. వెనక చక్రాలూ దిగబడ్డాయి. మెట్లు ఇసుకతో సమమయ్యాయి. అత్తగారు ఈసారి సునాయాసంగా దిగింది. గదిలారీ పక్కనుంచి పోయి చూపిస్తానని ఏకాంబరంగారు ముందుకు నడిపించాడు. బస్సు కంటే నాలుగు బారలు అదనంగా పోయి, ఇసుక బస్తాల బరువుకు పీకల్దాకా కూరుకుపోయింది.

ఇక జాలయ్య ట్రాక్టరు తప్ప గతి లేదు. అది పడవల దగ్గరే ఉంది. అయితే పినాకపాణిగారు రూలు మరిచిపోయే మనిషి కాదు. ట్రాక్టరు వినోద సామగ్రిని లాగరాదు. ఆపదలో ఉన్న వాహనాన్ని లాగవచ్చు. అందుకని ముందు స్కూటర్లను విప్పించి, ట్రాలీల చక్రాల కింద రాళ్లు పెట్టించి, ఆ తర్వాతే బస్సుకు తాడు కట్టనిచ్చాడు. అలా ఆ రెండు స్కూటర్లూ కొన్నాక మొదటిసారి అలకు కూతవేటు దూరంలో నిలబడ్డాయి.

అప్పుడే నీళ్లలో గోల పుట్టింది. కనిగిరి అవతలనుంచి బండి కట్టించుకుని వచ్చిన ఆడవాళ్ల గుంపు. అందులో ఒకామెను అల వెనక్కి గుంజుకుపోతోంది. పసుపు చీర కొంగు ఒకసారి కనిపించింది, ఇంకోసారి కనిపించలేదు.

సింగరయ్య పినాకపాణిగారి దగ్గరికి పరిగెత్తాడు. "తాళం ఇయ్యండి సార్."

"ముఖ్య అతిథి ఇంకా రాలేదయ్యా."

"మునిగిపోతంది సార్ ఆమె."

పినాకపాణిగారు సముద్రం వంక చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే అడిగాడు. "టికెట్టు తీసుకుందా?"

ఆట వస్తువును టికెట్టు లేనివాళ్లు ఎక్కకూడదు. అది ఆయన తప్పు కాదు. సింగరయ్య ఆయన్ను ఒక చూపు చూశాడు. మనిషిని కాదు, గోడను చూసినట్టు. మళ్లీ అడగలేదు.

జాలయ్య ఎవర్నీ అడగలేదు. సగం లేచిన బస్సును అలాగే వదిలేసి, తాడు కోసి, ట్రాక్టరును నేరుగా అలల్లోకి దింపాడు. పడవను దింపేటప్పుడు దింపినట్టే, పెద్ద చక్రాలు సగం మునిగేదాకా పోయాడు. తాడు నడుముకు కట్టుకుని దూకాడు. ఒడ్డున ఉన్నవాళ్లు తాడు పట్టారు. పసుపు చీరామె నీళ్లు కక్కుతూ ఇసుకమీద పడింది. బతికింది. వెనక నిలబడ్డ బస్సు మళ్లీ దిగబడింది.

మేళం వాళ్లకు ఏం చెయ్యాలో తెలియక మంగళవాద్యం వాయించారు.

*

పొద్దెక్కింది. ముఖ్య అతిథి రాలేదు, వేరే ముహూర్తం ఉందట. జాలయ్య తిరిగి వచ్చి బస్సును రోడ్డెక్కించాడు. ఏకాంబరంగారు గదిని అక్కడే కాళ్లమీద దింపించి, ఇసుక బస్తాలు కింద పడేయించి, ఒట్టి లారీని లాగించుకున్నాడు. గది దించితే లారీకి స్వేచ్ఛ వస్తుందని తను ముందే చెప్పానని గుర్తుచేశాడు. తర్వాత అధికారులందరూ పులిహోర తినడానికి ఇల్లుబస్సెక్కి, తెరలు వేసుకుని, ఏసీ పెట్టుకున్నారు. స్నానాలైన జనం గుడికి పోయారు. ఒడ్డున గది, రెండు స్కూటర్లు, కాపలాదారు మిగిలారు.

పినాకపాణిగారు లోపలికి పోయేముందు మెట్ల మీద నిలబడి రెండు కాగితాల మీద సంతకం పెట్టాడు. ఒకటి జాలయ్యకు తాఖీదు, ప్రభుత్వ వాహనాన్ని మార్గమధ్యంలో వదిలి వెళ్లినందుకు. రెండోది ఆనాటి నివేదిక. అది సింగరయ్యకు చదివి వినిపించాడు, లబ్ధిదారుల ప్రతినిధి కాబట్టి.

"కార్యక్రమము జయప్రదముగా ముగిసినది. వినోద సామగ్రికి ఎట్టి ప్రాణాపాయమును కలుగలేదు." చదివి, కొంచెం ఆలోచించి, ప్రాణాపాయమును కొట్టేసి హాని అని దిద్దాడు.

సింగరయ్య సంతకం పెట్టాడు. వచ్చి స్కూటర్ల పక్కన నిలబడ్డాడు. సముద్రం పోటుమీద ఉంది. రవణమ్మ రెండో మునక వేసిన చోటు అక్కడినుంచి సూటిగా కనిపిస్తుంది. అతనికి ఆ క్షణాన పద్దుల సంగతి గుర్తొచ్చింది. ప్రాణాలకు డబ్బు లేదు. ఆస్తికి దండిగా ఉంది. ఊటపాలెం తీరాన ప్రభుత్వ ఆస్తి లేదన్నారు. ఇప్పుడుంది.

జాలయ్య తాఖీదును మడిచి బీడీకట్టలో పెట్టుకుంటూ వచ్చాడు.

"జాలయ్యా, ఇప్పుడు నీ ట్రాక్టరుతో పనిబడింది."

"రూలుందిగా మావా, లాగగూడదని."

"లాగొద్దు. నెట్టు."

జాలయ్య అతని ముఖంలోకి చూసి ట్రాక్టరెక్కాడు. సింగరయ్య ఎర్ర స్కూటరు ట్రాలీ కింద రాయి తీశాడు. ట్రాక్టరు మూతి పెట్టి నెడితే, అది దండలతో సహా అలల్లోకి నడిచిపోయింది. కొంతదూరం పోయి, ఒకసారి ఒరిగి, కనపడకుండా పోయింది. పసుపుదాన్ని ఇద్దరూ మరో నలుగురు పల్లెకారులూ పట్టి ట్రాలీ మీదనుంచి దించారు. పడవలు మోసే చేతులకు అదొక బరువు కాదు. గది కాళ్ల మధ్యకు తోశారు. కింద పడున్న ప్రభుత్వం ఇసుక బస్తాలు కోసి దానిమీద కుమ్మరించారు. ఇసుక సరిపోయింది. తూకం వేసి తెచ్చింది గదా. ఆ తర్వాత గది నాలుగు కాళ్లనూ తిప్పి తిప్పి, గది అడుగు ఇసుకకు ఆనేదాకా కిందికి దించారు. ఖాళీ ట్రాలీని కూడా సముద్రానికి ఇచ్చేశారు.

సింగరయ్య కాళ్లు కడుక్కుని వెళ్లి ఇల్లుబస్సు తలుపు తట్టాడు.

"సార్, స్కూటర్లు నీళ్లల్లోకి పొయినయ్."

*

ప్రభుత్వం కదలదని అనేవాళ్లు ఆ సాయంత్రం ఊటపాలెం చూసి ఉండాలి. చీకటి పడేలోగా మోటారు పడవలు వచ్చాయి. గజ ఈతగాళ్లు వచ్చారు. కట్టలు కట్టలుగా తాళ్లు, గాలి నింపిన తెప్పలు, సైరను వచ్చాయి. ఎత్తయిన మంచె కట్టి, పైన దుర్భిణీతో మనిషిని కూర్చోబెట్టారు. అన్నీ ఆస్తిరక్షణ పద్దులోంచే. ఎవరూ దేన్నీ పరిశీలిస్తామనలేదు.

ఎర్ర స్కూటరు మూడోనాడు దొరికింది. రెండు ట్రాలీలూ దొరికాయి. పసుపుది దొరకలేదు. దొరకని ఆస్తికోసం వెతుకులాట ఆపకూడదని రూలు. దాన్ని లెక్కల్లోంచి కొట్టెయ్యాలంటే, అది మునగడం కళ్లారా చూసినవాడు సాక్ష్యం చెప్పాలి. పినాకపాణిగారు సింగరయ్యను అడిగాడు. టీ కూడా తెప్పించాడు.

"మునగటం నేను జూళ్లేదు సార్," అన్నాడు సింగరయ్య. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో.

దాంతో వెతుకులాట శాశ్వతమైంది. ఈతగాళ్లు వంతులవారీగా ఏడాది పొడుగునా నీళ్లలో ఉంటున్నారు. స్కూటరు దొరకడం లేదు గాని, వెతుకుతుంటే మనుషులు చేతికి తగులుతున్నారు. మాఘంలో ఇద్దరు, వేసవిలో ఒక చదువుకునే అమ్మాయి, ఆషాఢంలో ఒక తాగుబోతు. అందరినీ బయటికి లాగారు. వీళ్లను ఏ గడిలో రాయాలో తెలియక పినాకపాణిగారు కొత్త గడి ఒకటి గీయించాడు. 'వెతుకులాటలో లభించిన ఇతరములు.'

గది ఒడ్డునే ఉండిపోయింది. కదలనిది ఏదైనా ఇల్లేనని పంచాయతీవాళ్లు దానికి డోరు నంబరు వేశారు. డోరు నంబరు ఉన్న ఇంటిని ఎత్తాలంటే కూల్చివేత అనుమతి కావాలి. ఆ అర్జీ ఏకాంబరంగారు పెట్టాడు, పరిశీలనలో ఉంది. వెతుకులాట సామగ్రికి కాపలాగా సింగరయ్య ఆ గదిలో ఉంటున్నాడు. మంచం మెత్తగా ఉందని చాప పరుచుకుని కింద పడుకుంటాడు.

మరుసటి కార్తీక పౌర్ణమికి సుహాస్ వచ్చాడు. రాష్ట్రమంతటికీ లాగుడు వాహనాలు కొనబోతున్నారట. ఏ రకం కొనాలో లబ్ధిదారుల అభిప్రాయం కావాలట. సింగరయ్య గది గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్నాడు.

"రెండూ చూశారు కదా మీరు. గదా, బస్సా?"

"గదే మేలు సార్," అన్నాడు సింగరయ్య. "బస్సు తిరగతా ఉంటది. గది ఒక్కసారి కూర్చుందంటే ఇంక లెగవదు."

సుహాస్‌కు ఆ మాట నచ్చింది. 'స్థిరత్వము' అని రాసుకుని, కింద గీత గీసుకున్నాడు. మెట్టు దిగుతూ ఇసుకలో కాలు కొంచెం కూరుకుపోయి, సర్దుకుని నడిచి వెళ్లాడు.

సముద్రంలో ఎవరో ముసలామె మూడో మునక వేస్తోంది. పక్కన ప్రభుత్వ ఈతగాడు, పోయిన స్కూటరును వెతుకుతూ, ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.